గోడ అవతలి గొంతు

పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి.

జ్వరమంటే ఒళ్ళు కాలే జ్వరం కాదు. పట్టుపురుగు పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కునే ముందు మేత మానేస్తుంది. తల కాస్త పైకెత్తి, ఉన్నచోటే కదలకుండా ఉండిపోతుంది. కొత్తగా చూసినవాళ్ళు చచ్చిపోయిందేమో అనుకుంటారు. అలాంటప్పుడు దానికి ఆకు వేయకూడదు, దాన్ని తాకకూడదు. కింద పరుపుగా పడి ఉన్న మల్బరీ కొమ్మలు ఆరిపోవాలని కాస్త సున్నప్పొడి చల్లి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చెయ్యాలి. రామకుప్పం పక్క పల్లెల్లో పురుగులు మేపే ప్రతి ఇంట్లోనూ ఇది తెలిసిన సంగతే. ఒక రోజు గడిస్తే అవే లేస్తాయి.

మునిరాజ సున్నప్పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి, అరల మీద మెల్లగా తడుతూ పోతున్నాడు. చంటిపిల్ల నిద్రపోతున్న గదిలో నడిచినట్టు మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. తాగే రోజుల్లో అతన్ని ఈ షెడ్డు గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆ వాసన తగిలితే పురుగు మేత మానేస్తుందని పెళ్ళాం నాగవేణి తలుపుకు అడ్డం నిలబడేది. అప్పుడు లోపల నాగవేణి, బయట మునిరాజ. ఇప్పుడు లోపల మునిరాజ, బయట నాగవేణి. ఇది శిక్షేమీ కాదు. మొగుడికి పెళ్ళాం మీద పుట్టుకొచ్చిన ప్రేమ. మానేసినవాడు ఊరికే కూర్చోడు కదా, తాగేటప్పుడు ఎంత పట్టుదలగా తాగాడో అంత పట్టుదలగా మంచివాడయ్యాడు. ఇంట్లో ఉన్న పనులన్నీ ఒక్కొక్కటిగా ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు.

షెడ్డు గోడకు ఆనించి వేసిన నులక మంచం మీద ఆమె ఒత్తిగిలి పడుకుని ఉంది. నిద్ర కాదు, మెలకువా కాదు. ఈగలు దూరకుండా కిటికీకి కొట్టిన తెల్లటి వల మీద సాయంత్రపు ఎండ పడి, ఆ వెలుతురులో మొగుడి నీడ అటూ ఇటూ కదులుతోంది. ఎక్కడో నీళ్ళ అడుగున జరుగుతున్నదాన్ని ఒడ్డున కూర్చుని చూస్తున్నట్టుంది ఆమెకు. లేచి జడ వేసుకోవాలి అనుకుంది. పొద్దున కూడా అలాగే అనుకుంది. అనుకోవడానికీ లేవడానికీ మధ్య దారి చాలా పొడుగ్గా ఉంది, నడవబుద్ధి కావడం లేదు.

లోపల ఫోను మోగింది.

మదనపల్లె దగ్గర తాగుడు మాన్పించే సంస్థ ఒకటుంది, దాని పేరు ‘ఊరట’. మునిరాజ మానింది అక్కడే. మానినవాళ్ళలో నిలకడగా ఉన్నవాళ్ళను వాళ్ళు పనిలోకి దించుతారు. కుప్పం పక్క పల్లెల కోసం ఒక చిన్న ఫోను మునిరాజ చేతికిచ్చారు. మధ్యాహ్నం భోజనాల నుంచి దీపాలు పెట్టేదాకా అతని డ్యూటీ. ఆ నంబరు కుప్పం బస్టాండులో, రామకుప్పం సంత గోడ మీద, గుడుపల్లెలో రేషన్ షాపు తలుపు మీద అంటించి ఉంది. తాగుడు మానలేక ఏడ్చేవాళ్ళు, మనసు చెదిరినవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఎవరైనా చేయవచ్చు. చేసినవాళ్ళ పేరు ఫోనులో దాచుకోకూడదు, అది నియమం. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి మునిరాజ చెవుల్లో వైర్లు పెట్టుకుని, పని చేస్తూనే మాట్లాడతాడు.

"సెప్పన్నా. నేనుండా, వింటాండా." అతని గొంతు గోడ దాటి వచ్చింది. "తొందరేమీ లేదు. ఏడుపొస్తే ఏడువు. నేను ఈడే ఉంటా, యాడికీ పోను... అట్లనా. పొద్దున్నుంచి ఏమన్నా తిన్న్యావా? లేదా. అయితే ముందు లేసి రోన్ని నీళ్ళు తాగన్నా. నేను పట్టుకునే ఉంటా."

నాగవేణి కళ్ళు మూసుకుని వింది. ఎంత నిదానం, ఎంత మెత్తదనం. ఎదుటి మనిషి మాట వెతుక్కుంటుంటే మధ్యలో దూరడు, తన గొప్ప చెప్పుకోడు. ఈ గొంతును ఇన్నేళ్ళూ ఎక్కడ దాచాడో ఆమెకు తెలియదు. తనతో మాట్లాడేటప్పుడు ఇది రాదు. తనతో, తిన్నావా, పడుకో, లెయ్యొద్దు. అంతే. ముక్కూ మొహం తెలియని ఎవరో తాగుబోతు మీద ఆమెకు అసూయ కలిగింది. అంత చిన్న విషయానికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి కూడా. సిగ్గేసి గోడ వైపు తిరిగింది.

పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న అత్త వెంకటలక్ష్మమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడింది. "ఏమ్మా, ఒంట్లో బాగలేదా? యాల ఇట్ల పడుండావు?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమీ లేదత్తా."

మునిరాజ షెడ్డు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "గమ్మునుండు మా. ఇన్నేండ్లు ఒంటి చేత్తో ఈదింది, అలిసిపోయింది. జ్వరానికి కూసున్న పురుగును కదిలిస్తామా? దానంతట అదే లేస్తాది. నువ్వు లేపొద్దు."

"పురుగుకు జ్వరం ఒక పొద్దే కదప్పా," అంది ముసలావిడ.

మునిరాజ నవ్వాడు. నాగవేణి కూడా నవ్వినట్టు పెదవులు కదిలించింది. అలా చేస్తే మాట అక్కడితో ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

*

పురుగులు జ్వరంలో ఉన్న రోజు మేపేవాళ్ళకు సెలవు. అందుకే పుంగనూరు మీటింగుకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళగలిగారు. మానేసినవాళ్ళు, మానుతున్నవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు అందరూ కలిసే రోజు అది. ఈసారి నాగవేణి మాట్లాడాలని సంస్థలో పనిచేసే చైతన్య పట్టుబట్టాడు.

"రెండు మాటలు చెప్తే చాలమ్మా," అని ఫోనులో బతిమాలాడు. "అప్పుడెట్లుండె, ఇప్పుడెట్లుండాది. అంతే. అన్న చెప్తే మొగోళ్ళు వింటారు. మీరు చెప్తే ఇండ్లలో ఆడోళ్ళకు ధైర్యం వస్తాది."

మంచివాడు చైతన్య. ముప్పై దాటినా పెళ్ళి ఊసెత్తకుండా ఈ పనిలోనే పడి తిరుగుతాడు. అతన్ని కాదనడం ఎవరివల్లా కాదు.

వి.కోట దాటాక నాగవేణి బస్సు కిటికీకి తల ఆనించింది. ఎదురుగా టమోటా లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మదనపల్లెలో నింపుకుని మద్రాసుకు పోయేవి. ఎర్రటి పెట్టెలు కదిలిపోతుంటే ఆమె కళ్ళు వాటిని పట్టుకోకుండా వదిలేస్తున్నాయి. పలమనేరు వచ్చిందో లేదో గుర్తు లేదు. పక్కన మునిరాజ ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా కూర్చుని, కండక్టరుతో సహా బస్సులో సగం మందిని పలకరిస్తున్నాడు. ఆమెకు అతన్ని చూస్తే సంతోషంగానే ఉంది. ఆ సంతోషం తనదాకా రావడం లేదు, అంతే.

కల్యాణమండపంలో ఫ్యాన్లు పెద్దగా చప్పుడు చేస్తున్నాయి. ఆడవాళ్ళంతా ఒక పక్క కుర్చీల్లో కొంగులు బిగించి కూర్చున్నారు. మైకు చేతికిచ్చినప్పుడు అది చల్లగా తగిలింది.

"నా పేరు నాగవేణి. రామకుప్పం తట్టు మా వూరు." తన గొంతు నాలుగు మూలల నుంచి తనకే వినబడుతుంటే ఎవరో వేరే ఆడమనిషి మాట్లాడుతున్నట్టు ఉంది. "మా ఇంటాయన తాగేటోడు. పొద్దు వాలితే నేనొక దిక్కు, మా అత్తొక దిక్కు ఎతకతా పోయేటోళ్ళం. చెరువు కట్ట మీద, అంగడి వెనకాల, రైలు పట్టాల కాడ. దొరికితే ఇద్దరం చెరొక రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చేటోళ్ళం. ఇప్పుడు ఎతికే పని లేదు. ఇంట్లోనే ఉండాడు. పురుగుల పనంతా ఆయప్పే చేస్తాండాడు. నన్ను కూసోబెట్టి సంగటి పెడతాండాడు."

చప్పట్లు మొదలయ్యాయి. ఇంకో మాట ఉంది. అది నోటిదాకా వచ్చింది. ఎతికే పని లేకపోతే పొద్దు వాలాక ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు, అన్నది ఆ మాట. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆగేసరికి మైకు ఆమె చేతిలో లేదు, మెడలో శాలువా ఉంది.

కిందికి దిగగానే ముందు వరుసలోంచి ఒక ముసలామె వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. కలికిరి నుంచి వచ్చిన పార్వతమ్మ. ఆమె కొడుకు సంస్థలో చేరి ఇంకా నెల కాలేదట. "నీ కడుపు సల్లగుండ తల్లీ. నిన్ననే అనుకున్యా, ఇంగ నావల్ల కాదని. నీ మాట ఇన్నాక పానం లేసొచ్చినాది. మా వాడు గూడా ఇట్లయితాడు కదమ్మా?"

"అయితాడు," అంది నాగవేణి.

అది అబద్ధం కాదు. మునిరాజ అయ్యాడు, ఆమె కొడుకూ అవుతాడేమో. కానీ ఆ చేతులు వదిలాక నాగవేణికి లోపల ఏదో గడియ పడినట్టయింది. ఇంతమందికి ఆశ పంచిపెట్టిన మనిషి, నాకు బాగాలేదని ఇప్పుడు ఎవరితో చెప్పుకుంటుంది?

మండపం వెనక నీడలో ఎవరో ఒక పుంగనూరు ఆవును కట్టేశారు. నడుం ఎత్తు కూడా లేని తెల్లటి ఆవు. నాగవేణి దాని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అది తల తిప్పి చూసి, మళ్ళీ గడ్డి అందుకుంది. దానికి ఆమెనుంచి ఏమీ అక్కర్లేదు. మండపంలో ఎవరో పాట పాడుతున్నారు. ఆవు పొట్ట ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది. దానితో పాటు ఆమె చెయ్యి కూడా. అలా ఎంతసేపు కూర్చుందో తెలియదు, ఆ రోజంతటిలో ఆమెకు నచ్చినది అదొక్కటే.

చైతన్య నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. "ఏడిపించేసినారమ్మా అందరినీ."

ఇదే సమయం అనుకుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నీళ్ళలోకి చూస్తూ మెల్లగా అంది. "నాకు లెయ్యబుద్ధి కాడం లేదు నాయనా. పొద్దున లెయ్యబుద్ధి కాదు. తినబుద్ధి కాదు. దేనిమీదా మనసు పోదు."

చైతన్య ఆగాడు. వినే మనిషే అతను, వినడమే అతని పని. కానీ అదే సమయానికి మునిరాజ తనకూ కప్పిన శాలువా భుజం మీద సర్దుకుంటూ నవ్వుతూ వచ్చాడు. ఆ నవ్వు చూశాక చైతన్యకు వేరే ఆలోచన రాలేదు. సంస్థలో మంచాలు ఎవరి కోసం వేశారో వాళ్ళే రోగులు, తక్కినవాళ్ళు తోడు వచ్చినవాళ్ళు. ఆ లెక్కకు అతనూ అలవాటు పడిపోయాడు.

"అలసటమ్మా అది. ఎన్నేండ్ల కష్టం మరి, ఇప్పుడు బయటికొస్తాండాది. అన్నా, అమ్మను ఏ పనీ చెయ్యనీయొద్దు. బాగా రెస్టు ఇయ్యి. ఇంగ అమ్మ సుఖపడే టైము."

"నేనుండేది ఎందుకు?" అన్నాడు మునిరాజ.

తిరుగు ప్రయాణంలో అతను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు మాట్లాడతాంటే నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అంత బాగా చెప్తావని అనుకోలే." ఆమె తల ఊపింది. కిటికీ అవతల ఎండిన చేలు, బోర్ల పక్కన పచ్చటి ముక్కలు, మళ్ళీ ఎండిన చేలు. రామకుప్పం వచ్చేదాకా అలాగే జరిగిపోయాయి.

*

మర్నాడు పురుగులు లేచాయి.

లేచినవాటి ఆకలి చూస్తే భయమేస్తుంది. నిన్నటిదాకా రాళ్ళలా ఉన్నవి ఇప్పుడు వేసిన కొమ్మ వేసినట్టే ఈనెలు మిగిల్చి పైకి ఎక్కుతున్నాయి. ఇంక గూడు కట్టేదాకా ఇదే వరస, ముప్పూటలా తోట నరకడం, మోపులు మోయడం, అరల మీద పరచడం. షెడ్డు నిండా ఆకు నమిలే చప్పుడు. మంచం మీద పడుకున్న నాగవేణికి అది గోడలోంచి, నులకలోంచి, తలకింద చేతిలోంచి వస్తున్నట్టు ఉంది.

ఆ చప్పుడు ఆమెను లేపింది. చాలా రోజుల తర్వాత కాళ్ళు వాటంతట అవే నేలమీద ఆనాయి. పురుగులకు తెగులు సోకకుండా షెడ్డు గడప దగ్గర పళ్ళెంలో పరిచిన సున్నంలో పాదాలు అద్ది, లోపలికి వెళ్ళి ఒక కొమ్మల కట్ట ఎత్తుకుంది. చేతికి ఆ బరువు ఎప్పటిలాగే తెలిసింది. మొదలొకటి ఇటు, కొన ఒకటి అటు వచ్చేలా కొమ్మలు మార్చి మార్చి పరచాలి. అప్పుడే పురుగు అన్ని వైపులా సమంగా పాకుతుంది. రెండు కొమ్మలు పరిచింది. మూడోది తీసేలోపు మునిరాజ వచ్చి పట్టుకున్నాడు.

"నువ్వెందుకు వచ్చినావు? పో, పనుకో పో."

"రోంత సేపు ఏస్తా."

"చైతన్య ఏం చెప్పినాడు? నా మాట ఇనకపోతే పోయినావు, ఆయన మాటన్నా ఇను." కొమ్మను ఆమె చేతిలోంచి లాక్కోలేదు. బిడ్డ చేతిలోంచి కత్తిపీట తీసుకున్నంత జాగ్రత్తగా, వేలు వేలు విడదీసి తీసుకున్నాడు. "ఇన్నేండ్లు నువ్వు సేసినావు. ఇంగ నేను సేస్తా. నీకు బాకీ పడుండా నేను."

అది వినడానికి ఎంత బాగుందో. కొట్టేవాడితో పోట్లాడవచ్చు, తిట్టేవాడిని తిట్టవచ్చు. ప్రేమగా గెంటేవాణ్ణి ఏం చెయ్యాలి? ఖాళీ చేతులతో బయటికి వచ్చింది. మంచం అక్కడే ఉంది.

మధ్యాహ్నం వెంకటలక్ష్మమ్మ నూనె గిన్నె తెచ్చుకుని కోడలి తల దగ్గర కూర్చుంది. చిక్కు పడిపోయిన జుట్టును పాయలు పాయలుగా విడదీసింది. మధ్యలో ఒకసారి దువ్వెన ఆపి, కోడలి మెడ వెనక ఎముకలు వేలితో తడిమింది. తర్వాత మోపుతో వచ్చిన కొడుకును పిలిచింది.

"పురుగులు లేసినాయప్పా. ఈయమ్మ లెయ్యలే."

మునిరాజ మోపు నెత్తిన పెట్టుకునే నిలబడ్డాడు. ఒక నిమిషం పాటు పెళ్ళాం ముఖం వైపు నిజంగానే చూశాడు. జేబులో ఫోను మోగింది. "లేస్తాదిలే మా," అంటూ చెవిలో వైరు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి ఆ గొంతు మొదలైంది. "సెప్పమ్మా. నేనుండా, వింటాండా."

ఎవరో ఆడమనిషి. ఆ పొద్దు వాలేదాకా నాగవేణి ఆ ముక్కలే విన్నది. నువ్వు చేసిన తప్పేమీ లేదమ్మా. ఇది నీ సోమరితనం గాదు. ఇట్ల అవుతాది మనుషులకు. డాక్టరమ్మ ఉండాది, మాట్లాడదాం. అతను ఎవరికో చెబుతున్న ఒక్కో మాటా తన కోసమే పోసిన నీళ్ళలా ఉంది, కానీ దోసిలి వేరేవాళ్ళది.

*

ఆ మర్నాటి మధ్యాహ్నం ఆమె అత్త ఫోను తీసుకుని మల్బరీ తోటలోకి నడిచింది. ఎందుకు తీసుకుందో తోట గట్టు ఎక్కేదాకా తనకే సరిగా తెలియదు. నరకని సాళ్ళు తలెత్తు ఉన్నాయి. రెండు సాళ్ళ మధ్య కూర్చుంటే పైన ఆకులూ, ఆకుల సందులో ఆకాశం ముక్కలూ తప్ప ఏమీ కనబడదు. మట్టి చల్లగా ఉంది. అక్కడే అలా ఉండిపోతే బాగుండు అనిపించింది. ఆ కోరిక ఎంత హాయిగా ఉందంటే, దానికి ఆమె భయపడింది. ఆ భయంలోనే నంబరు నొక్కింది. అతను రోజూ ఎవరికో ఒకరికి చెబుతుంటే వినీ వినీ నోటికి వచ్చేసిన నంబరు. ఆ ఫోనులో ఎవరి పేరూ రాదు, చేతిలో పని ఉంటే అతను చేసినవాళ్ళ నంబరు కూడా చూడడు.

"సెప్పండి. నేనుండా, వింటాండా."

ఆ గొంతు అంత దగ్గరగా చెవిలోకి వచ్చింది. గోడ లేదు మధ్యలో. అందరూ అన్నా అంటారు అతన్ని. కట్టుకున్నవాణ్ణి అన్నా అని ఎలా పిలుస్తుంది? ఏమీ పిలవలేక ఊరుకుంది.

"మాట్లాడకపోయినా ఏం గాదు. పెట్టేయొద్దండి. రోంత సేపు ఊరికే ఉందాం."

ఉన్నారు. ఫోనులోంచి ఆకు నమిలే చప్పుడు, అతను కొమ్మ పరిచే చప్పుడు వస్తున్నాయి. ఆమె ముక్కు ఎగబీల్చింది.

"ఆడమనిషేనా? సరేమ్మా. నిదానం. నీకు ఇష్టమైన కాడ మొదలుపెట్టు."

"నిద్దర రాదు," అంది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. మైకులో విన్న గొంతు కూడా ఇది కాదు. "వచ్చినా తెల్లారుజామున మెలకువ వచ్చేస్తాది. ఇంగ అట్లనే పడుంటా."

"ఊఁ."

"కూడు నోట్లో పెట్టుకుంటే మన్ను మాదిరి ఉంటాది. ఎవురన్నా పలకరిస్తే నవ్వతా. నవ్వితే ఇడిసిపెడతారని."

అవతల కొమ్మల చప్పుడు ఆగింది. గుర్తుపట్టాడనుకుంది ఆమె. కాదు, బాగా వినడానికి పని ఆపాడు, అంతే. ఇంతకాలం కాపురం చేసిన మనిషి ఏడుపు గొంతు అతను ఎప్పుడూ వినలేదు. మానేశాక అతను వినేంత దగ్గర్లో ఆమె ఎప్పుడూ ఏడవలేదు, అంతకుముందు ఏడ్చిన రోజుల్లో వినే స్థితిలో అతను లేడు.

"ఒక మాట అడగతా. తప్పుగా అనుకోవద్దు తల్లీ, అందరినీ అడిగేదే." గొంతు ఇంకా మెత్తబడింది. "సచ్చిపోవాలని అనిపిస్తాందా?"

నాగవేణి ఆలోచించింది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, తనను తాను కూడా అడుక్కోలేదు. నిజమే చెప్పాలనిపించింది. "సావాలని లేదు. లెయ్యాలని గూడా లేదు. మొన్నమొన్నటిదాకా రెండూ వేరే వేరే అనుకున్యా. ఇప్పుడు రెండూ దగ్గర దగ్గరికి వస్తాండాయి."

"మంచి పని సేసినావు సెప్పి. శానా మంచి పని. నేను పెట్టెయ్యను, నువ్వు గూడా పెట్టేయొద్దు. ఇప్పుడు నీ పక్కన ఎవురన్నా ఉండారా అమ్మా? ఇంట్లో మనిషి ఎవురన్నా?"

"మా ఇంటాయన ఉండాడు."

"ఆయనకు ఈ సంగతి తెల్సునా?"

"తెలీదు."

"యాల చెప్పలేదు? తాగతాడా?"

"మానేసినాడు."

"మానేసినోడంటే వింటాడమ్మా. పోయి చెప్పు. నేను లైన్లోనే ఉంటా. యాడుండాడు ఇప్పుడు?"

"పురుగులింట్లో ఉండాడు," అంది నాగవేణి. "ఊర్లోవాళ్ళ ఫోన్లు ఎత్తతాండాడు."

నమిలే చప్పుడు ఒక్కటే చాలాసేపు వినబడింది. కట్ అయిందనుకుని ఆమె ఫోను చెవి నుంచి తీసి చూసుకుంది. కాలేదు.

తర్వాత షెడ్డు తలుపు ధడాలున తెరుచుకున్న చప్పుడు వినబడింది, జ్వరం రోజైతే అలా తెరిచేవాడు కాదు. "యాడుండావు?" అన్నాడు ఫోనులోనే. ఆ గొంతులో నిదానం పోయింది.

"తోటలో."

సాళ్ళు తోసుకుంటూ వచ్చాడు. కాళ్ళకు సున్నం, భుజం మీద నలిగిన ఆకు, చెవిలోంచి వేలాడుతున్న వైరు. రెండు సాళ్ళ అవతల ఒకసారి దారి తప్పి, వెనక్కి వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు. దగ్గరికి రావాలో వద్దో తెలియనివాడిలా అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ముక్కూ మొహం తెలియని వందమందికి చెప్పిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"నన్ను అడిగుంటే..." అని మొదలుపెట్టి, అది సరికాదని తనకే తోచి ఆపేశాడు. "నేను అడగలే," అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "పురుగుకు సేసినట్టు సేసినా. కదిలించకుంటే లేస్తావనుకున్యా. మా అమ్మ సెప్తానే ఉండాది."

నాగవేణికి కోపం వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన కోపం, వేడిగా, చేతుల్లోకి, మెడలోకి. అది వచ్చినందుకు ఆశ్చర్యంగా, కాస్త బాగా కూడా ఉంది.

"రేపు మదనపల్లెకు పోదాం. డాక్టరమ్మ హేమావతి గారి తావకు. నువ్వు లోపలికి పో, నేను బైట కూసుంటా."

"రేపటి సంగతి రేపు. నాకు ఇప్పుడు కొమ్మలు పరిచే పని కావాల," అంది ఆమె. "నా చేతిలోంచి తీసుకోవద్దు."

"తీసుకోను."

"అంతకంటే ముందు సెప్పుకోవాల."

"సెప్పు," అన్నాడు. అలవాటు కొద్దీ ‘నేనుండా’ అనబోయి, మింగేశాడు.

అతని జేబులో ఫోను మోగింది. ఇద్దరూ ఆ జేబు వైపే చూశారు. కలికిరి పార్వతమ్మ కావచ్చు, సంత గోడ మీద నంబరు చూసి ధైర్యం చేసిన ఇంకెవరైనా కావచ్చు. నాగవేణికి ఆ ఫోను చేసేవాళ్ళ భయం తెలుసు, ఇప్పటిదాకా ఆ చివర ఉన్నది తనే.

"ఎత్తు," అంది.

మునిరాజ ఫోను తీసి మట్టి మీద పెట్టాడు. "నేను ఎత్తకుంటే మదనపల్లెకు పోతాది. చైతన్య ఎత్తతాడు. వాళ్ళ మాట ఇనేదానికి ఆడ శానామంది ఉండారు." చెవిలో వైరు లాగేసి చుట్టచుట్టి పక్కన పడేశాడు. ఫోను ఇంకాస్త మోగి, దానంతట అదే ఎవరి దగ్గరికో వెళ్ళిపోయింది.

షెడ్డు వైపు నుంచి వెంకటలక్ష్మమ్మ ఆకు కోసం కేక పెట్టింది. మళ్ళీ పెట్టింది. అతను లేవలేదు.

నాగవేణి మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని కాసేపు చూసింది. అతను తాగి వచ్చిన రోజుల నుంచి మొదలుపెడుతుందని మునిరాజ తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె అక్కడ మొదలుపెట్టలేదు. అతను తాగుడు మానేసి ఇంటికి వచ్చిన మర్నాటి సాయంత్రం నుంచి, పొద్దు వాలినా ఎవరినీ వెతకాల్సిన పని లేని ఆ మొదటి సాయంత్రం నుంచి మొదలుపెట్టింది.